దాచిన చరిత్ర, దాచుకోవలసిన కాగితం

(విశాఖపట్నంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య పిల్లలు ఫోనులో వీడియోలు చూపించి, "దాదా, మన ఊరి అసలు పేరు ఇసాక్‌పట్నమట, నిజమేనా?" అని మమ్మల్ని అడుగుతున్నారు. ఓడరేవు కొండమీది హజ్రత్ ఇసాక్ మదీనా దర్గాను బట్టి ఊరికి ఆ పేరు వచ్చిందనీ, తరువాత దానిని కావాలనే దాచిపెట్టారనీ ఆ వాదం. ఊరికి పేరిచ్చిన వైశాఖేశ్వరుని గుడి సముద్రంలో మునిగిపోయిందనీ, అసలు చరిత్ర అంతా ఆ నీటి అడుగునే ఉందనీ మరొక వాదం. "దాచారు" అనే మాటకు మనసును లాగే గుణం ఉంది. కాని వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకొమ్మని ఖుర్ఆన్ మనకు నేర్పింది గదా! కనుక ఆధారాలను చూద్దాం.

11వ శతాబ్దం చివరి నాటి శాసనాలలోనే ఈ ఊరు విశాఖపట్టణంగా కనిపిస్తుంది. కులోత్తుంగ చోళ పట్టణమనే మారుపేరు కూడా వాటిలో ఉంది. మునిగిన గుడి గాథ మాత్రం జనశ్రుతిగా మనకు అందినది.

అయితే అవే శాసనాలలో మనం గర్వించదగిన మాట మరొకటి ఉంది. అది అంజువణ్ణం. పశ్చిమ సముద్రం మీదుగా వచ్చిన అరబ్బు, యూదు, క్రైస్తవ వర్తకుల సంఘానికి అది పేరని చరిత్రకారులు వివరించారు. అంటే 900 ఏళ్ళకు పూర్వమే ఈ తీరంలో ఆ వర్తకుల అడుగులున్నాయి. దానిని ఎవరూ దాచలేదు, రాతిమీద చెక్కారు. చదివే ఓపిక మనకే లేకపోయింది. దర్గా ముందునుంచి పోయే ఓడలు జెండా దించి ఎత్తి వందనం చేసేవనీ, హిందూ ఓడ యజమానులు వెండి పడవలు సమర్పించేవారనీ ఆంగ్లేయుల నాటి జిల్లా గ్రంథాలు నమోదు చేశాయి. ఊరి పేరు మనది కాకపోయినంత మాత్రాన ఈ గౌరవానికి లోటేమిటి?

నిజంగా మరుగుపడిన చరిత్ర కూడా ఉంది. తొట్లకొండ బౌద్ధారామం 1976లో నౌకాదళం వైమానిక సర్వే చేసినప్పుడు బయటపడింది. తరువాతి తవ్వకాలలో శాతవాహన, రోమన్ నాణేలు దొరికాయి. దానిని వెలికితీసినది పలుగూ పారా, పరిశోధకుల శ్రమ. వదంతి కాదు.

తాజ్‌మహల్ ఒకప్పుడు గుడి అని పి.ఎన్. ఓక్ వాదించినప్పుడు ఆధారమేదని మనం అడిగాం. ఆయన పిటిషన్‌ను 2000లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇతరులను ఆధారం అడిగిన నోటితో మనం నిరాధారమైన మాట పలికితే, రేపు మన నిజాన్ని ఎవరు నమ్ముతారు?

మేము జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళ మధ్య గడిపినవాళ్ళం. "తాతల నాటినుంచి మాదే" అంటూ వచ్చినవారిపై జాలిపడగలిగాం గాని, కాగితం లేని ఫైలును పైకి పంపలేకపోయాం. చివరకు మా పేట ఖబరస్తాన్‌లో కొంత నేల అలాగే చేజారింది. పత్రం ఎక్కడున్నదో తెలిసిన పెద్దాయన కన్నుమూశారు. పెట్టె తెరిచేసరికి చెదలు మిగిలాయి. అడిగి ప్రతి తీయించి ఉంచుకోకపోవడం మా తప్పే.

2025 నాటి వక్ఫ్ సవరణ చట్టం, ఇకపై కేవలం వాడుకను బట్టి వక్ఫ్ ఏర్పడే వీలును తొలగించింది. లోగడ నమోదైన వాటిలో కూడా వివాదంలో ఉన్నవాటికి, ప్రభుత్వ భూమి అన్నవాటికి రక్షణ లేకుండా చేసింది. ఈ చట్టాన్ని న్యాయమార్గంలో ఎదిరించడం మన హక్కు. ఆ పోరాటంలో కూడా చేతిలో ఉండవలసినది కాగితమే.

కాబట్టి యువతకు మా విన్నపం. ఆ వీడియోను పంచే ముందు మీ మసీదు, ఖబరస్తాన్ సర్వే నంబరు తెలుసుకోండి. గెజెట్ ప్రతి, పన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు సేకరించండి. సమాధి రాళ్ళమీది రాతలు చెరిగిపోకముందే ఫొటోలు తీయండి. పెద్దల జ్ఞాపకాలను తేదీ వేసి రాసుకోండి. ప్రతి పత్రానికీ మూడు ప్రతులు తీసి మూడు ఇళ్ళలో భద్రపరచండి.

మన మనుమలు మన చరిత్రను వెతుక్కోవలసిన స్థితి రాకూడదు. చేతికి అందేలా ఉంచిపోదాం, ఇన్షా అల్లాహ్.