ఏ ఉత్తర్వు మీద ఈ కర్ఫ్యూ?

(దళిత యువజన సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



పట్నంలో కర్ఫ్యూ పెట్టాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి. దానికో గడువుంటుంది. మన కుర్రాళ్ల మీదున్న కర్ఫ్యూకి ఉత్తర్వూ లేదు, గడువూ లేదు. పొద్దుగూకాక ఊళ్లోకి పోవద్దు. రచ్చబండ మీద కూర్చోవద్దు. టీకొట్టు కాడ నిలబడొద్దు. ఆడపిల్లలకైతే పట్టపగలే కర్ఫ్యూ!

ఇవి చిన్న సంగతులు కావు. 1985 జూలైలో కారంచేడు తగాదా ఎక్కడ మొదలైంది? మంచినీళ్ల చెరువు కాడ. నీళ్లు పాడుచేయొద్దని ఒక మాదిగ కుర్రాడు అడిగాడు. కొట్టబోతే ఒక ఆడబిడ్డ బిందె ఎత్తి అడ్డుపడింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగలను చంపారు. 1991లో చుండూరులోనో? సినిమాహాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు అగ్రకులస్తుడికి తగిలింది. ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న ఎనిమిది మంది హత్య. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. ఇంత జరిగినా పెద్దమనుషులు దీన్ని ‘కుర్రాళ్ల గొడవ’ అనే అంటారు. కుర్రాళ్ల గొడవైతే ఊరు ఊరంతా కత్తులెందుకు పట్టింది?

‘ఎందుకొచ్చిన గొడవరా, ఇంటిపట్టున ఉండు’ అని కొడుకును ఆపే తల్లిని నేను తప్పుపట్టను. ఆమె భయం ఉత్తుత్తి భయం కాదు. కానీ అమ్మా, బిడ్డను ఆపితే కర్ఫ్యూని మన చేతుల్తో మనమే అమలు చేసినట్టవుతుంది. ఒంటరిగా పంపొద్దు. పదిమందిమి కలిసి పోదాం.

మహద్ చెరువు అందరిదీ అని అక్కడి మునిసిపాలిటీ ముందే తీర్మానించింది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి దోసిట పట్టి తాగితేగానీ ఆ కాగితానికి ప్రాణం రాలేదు. మనకూ కాగితం ఉంది. దుకాణం, హోటలు, సినిమాహాలు, బావి, చెరువు, రోడ్డు – కులం పేరున ఎక్కడా అడ్డు పెట్టరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. అడ్డు పెడితే 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. ‘విచారించి చూస్తాం’ అని ఎస్సై తిప్పి పంపడానికి వీల్లేదు. కేసు కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదని 2018 సవరణే చెప్పింది.

నెలాఖరున తాసీల్దారు, ఎస్సై పౌరహక్కుల దినం జరపాలి. ఈసారి దాన్ని మన పల్లెలో వద్దనండి. రచ్చబండ కాడే పెట్టమని అర్జీ రాద్దాం. ముందు వరసలో మన పిల్లలు, ఆడపిల్లలతో సహా, కూర్చోవాలి. పెద్దలు వాళ్ల వెనకే నిలబడాలి.

జై భీమ్!