ఇచ్చినవాడొక్కడేనా దోషి? – ఓక్స్ ఏమ్స్ చరిత్రము



అమెరికా ఖండమును అడ్డముగా దాటిన తొలి రైలుమార్గమును గూర్చి మీరు వినియే యుందురు. 1869 మే 10వ తేదీన యూటాలోని ప్రొమాంటరీ యొద్ద తూర్పు పట్టాలును పడమటి పట్టాలును కలిసినవి. ఆ కార్యమునకు ధనమును, ధైర్యమును సమకూర్చిన యొక పెద్దమనిషి నాలుగేండ్లు నిండకమునుపే నిందాభారముతో కన్నుమూసెను. న్యాయవాదిని గనుక ఆతని వ్యాజ్యమునే మీ ముందుంచుచున్నాను.

ఓక్స్ ఏమ్స్ 1804లో మాసచుసెట్సు రాష్ట్రమందలి ఈస్టనులో జన్మించెను. పారలు చేయుట వారి యింటివృత్తి. కాలిఫోర్నియా బంగారు గనులలోను, రైలుకట్టల మీదను ఏమ్సుల పారలు ప్రసిద్ధికెక్కినవి. 1863 మొదలు ఆతడు కాంగ్రెసు ప్రతినిధిసభలో సభ్యుడు. ఆతని తమ్ముడు ఆలివరు యూనియన్ పసిఫిక్ రైలుకంపెనీకి అధ్యక్షుడయ్యెను.

ఇక చిక్కు ఇచ్చటనే యున్నది. ఆ కంపెనీకి ప్రభుత్వము విస్తారమైన భూములిచ్చెను. బాండ్ల మూలమున అప్పునిచ్చెను. కంపెనీ పెద్దలో, 'క్రెడిట్ మొబిలియర్' అను వేరొక సంస్థను చేతబట్టి, మార్గనిర్మాణపు గుత్తను దాని పరము చేసిరి. గుత్త నిచ్చు చేయియు, పుచ్చుకొను చేయియు ఒక్కటే యైనప్పుడు ఇదేమి ధర యని యడుగు వాడెవ్వడు? లాభములు వెల్లువవలె వచ్చినవి. 1867–68లో ఏమ్స్ ఆ వాటాలను, వాని నిజమైన విలువ ఎంతో హెచ్చియున్నను, ముఖవిలువకే తోడి శాసనసభ్యులకు అమ్మెను. చేత రొక్కము లేనివారికి వచ్చిన లాభములోనే వెల తీరిపోయెను! ఇట్టి బేరము మనలో నెవ్వరికి దొరకును?

వాటాల విషయమై భాగస్థునితో తగవు పుట్టి కోర్టుకెక్కగా, ఏమ్స్ వ్రాసిన జాబులు 1872 సెప్టెంబరులో న్యూయార్కు 'సన్' పత్రికలో వెలువడెను. లూక్ పోలండు అధ్యక్షతను సభాసంఘము విచారించినది. ఏమ్స్ లంచమిచ్చినాడు, వెడలగొట్టదగినవాడు అని తేల్చెను. వాటాలు కొన్నవారిలోనో, జేమ్స్ బ్రూక్సును దక్క తక్కినవారిని దురుద్దేశ మెరుగని వారని విడిచిపెట్టెను. ఇచ్చువాని మనస్సులోని దోషము పుచ్చుకొనువాని యెరుకతో పనిలేకయే నేరము కాగలదని శాస్త్రము చెప్పవచ్చును, కాదనను. కాని రాజ్యము నడపు బుద్ధిమంతులు, రైలు చట్టములకు ఓటువేయు వారు, ఇంత చౌకగా నేల దొరకినదని యొక్కమారైనను తలపోయలేదనుట నమ్మదగిన మాటయేనా? ఏమ్సును నేను వెనుకవేసికొని రాను. ఆతడు దోషియే. ఒక్కడే దోషి కాడు.

1873 ఫిబ్రవరి 27న సభ 182 ఓట్లకు 36 ఓట్లుగా ఆతనిని వెడలగొట్టక, గర్హించి యూరకొనెను. మే 8న ఆతడు మరణించెను. నిందలో పేరు వినబడిన గార్‌ఫీల్డు 1881లో దేశాధ్యక్షుడయ్యెను.

1883లో మాసచుసెట్సు శాసనసభ ఏమ్సు నిర్దోషియని తీర్మానించెను. అప్పుడు ఆ రాష్ట్రపు ఉపగవర్నరు ఆతని కుమారుడే.