తీర్మానమునకు ముందు పదిమంది మాట

పంచాయతీ సభ్యులారా,

గ్రామములో త్రాగునీటికై బోరుబావి వేయవలెనన్న విషయము సభ ముందుకు వచ్చినదనుకొందము. సర్పంచిగారు ఒక స్థలము సూచించిరి. ఇద్దరు తలయూపిరి. తక్కినవారు మిన్నకుండిరి. ‘ఏకగ్రీవముగా ఆమోదింపబడినది’ అని పుస్తకములో వ్రాయబడెను. పది నిమిషములలో పని ముగిసెను. దీనిని ఏకగ్రీవమని మేము అనజాలము. మౌనము అన్నివేళల అంగీకారము కాదు. అది భయము కావచ్చును, మొగమాటము కావచ్చును, విషయము తెలియకపోవుటయు కావచ్చును.

నీటి విషయమున తొందరపాటు ఎంత చేటో తెలుగు పల్లెలకు తెలియును. ఫ్లోరైడు నీటివలన ఎముకలు బిగిసి మనుష్యులు వంగిపోవుటను 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెలను గూర్చి వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లాలో అనేక గ్రామములు ఇదే బాధను తరతరములు అనుభవించినవి. ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. లీటరు నీటిలో అది 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరొక నీటి ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకే సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. సభ్యులందరు చేతులెత్తినను ఆ లెక్క మారదు. కనుక చుట్టుపట్ల బావుల నీటిని ముందే పరీక్ష చేయింపవలెను. బోరు పడిన పిమ్మటను ఆ నీటిని పరీక్షింపక త్రాగుటకు విడువరాదు.

ఇక సభ నడుపు విధము. చర్చింపబోవు విషయమును సభ్యులకు ముందుగా తెలుపవలెను. అప్పటికప్పుడు విన్నవారు ఏమి ఆలోచింపగలరు? సర్పంచిగారు తమ అభిప్రాయమును చివర చెప్పుట మేలు. పెద్దల మాట ముందు వచ్చినచో చిన్నవారి నోరు పెగలదు. బిందె మోయువారిని, ఊరి చివరి వాడలవారిని ముందు అడుగవలెను. ఏ బావి ఏ నెలలో ఎండునో వారికి తెలిసినంతగా మరెవరికి తెలియదు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడవవంతుకు తక్కువ కాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో అది సగమైనది. సభ్యురాలు వచ్చి సంతకము చేసి వెడలినచో, ఆ స్థానము నిండియు నిండనట్లే.

భిన్నాభిప్రాయము వచ్చినప్పుడు దానిని విరోధముగా ఎంచరాదు. చెప్పిన కారణముతో సహా పుస్తకములో వ్రాయవలెను. రేపు చిక్కు వచ్చినచో దారి చూపునది ఆ వాక్యమే కావచ్చును.

‘నిదానమే ప్రధానము’ అన్న సామెత గలదు. ‘ఆలస్యము అమృతము విషము’ అన్నదియు గలదు. రెండును నిజమే. వాయిదా వేయునప్పుడు ఏ సమాచారము కావలెనో, ఎవరు తెత్తురో, ఏ తేదీకి తెత్తురో వ్రాసి వేయుడు. ఆ తేదీన తప్పక కూడి నిర్ణయింపుడు. అట్లు జరిగిన తీర్మానమునకు, ఓడిన పక్షమువారును కట్టుబడి పనిలో చేయి కలుపుదురు.