పిల్ల పేరు ఏ రిజిస్టరులో ఎక్కుతది?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



మన ఆడపిల్లలు ఇంటర్ అయినంక వైద్యం లైనులోకి పోవాలంటే ఏ చదువు చదివించాలె అనే దాని మీద నన్ను మాట్లాడమన్నరు. నేను చదివింది పదో తరగతి. డిగ్రీల గురించి చెప్పేటందుకు నేనెవరిని అని మొదలు భయపడ్డ. కానీ ఈ విషయంలో నేనొక తప్పు చేసిన. ఆ తప్పు ఇక్కడ చెప్తే ఇంకో పది మంది చెయ్యకుండ ఉంటరని ఒప్పుకున్న.

నాలుగేండ్ల కింద మా సంఘంలో ఒక అక్క బిడ్డ ఇంటర్ బైపీసీ పాసైంది. మంచి మార్కులే. నర్సు కావాలని ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి ఆశ. టౌనులో ఒక సంస్థ వాళ్లు ఊరికొచ్చి రంగుల కాగితాలు పంచిన్రు. "ఒక్క ఏడాదిలో నర్సింగ్ డిప్లొమా, నూటికి నూరు శాతం ఉద్యోగం" అని ఉన్నది. ఎంట్రన్సు లేదు, ర్యాంకు లేదు. ఫీజు అరవై వేలు, హాస్టలుకు వేరే.

ఆ అక్క బ్యాంకుకు పోయింది. నేను గూడ తోడు పోయిన. మేనేజరు సారు, "ఈ కోర్సుకు గుర్తింపు కాగితం తీసుకురండి, అది లేనిది లోను కాదు" అన్నడు. మేము సంస్థను అడిగితే "అవన్నీ మా హెడ్డాఫీసులో ఉంటయి" అన్నరు. మాకు మేనేజరు మీదనే కోపమొచ్చింది. పేదోళ్ల పిల్ల చదువుకుంటుంటే ఓర్వలేక కొర్రీలు పెడుతున్నడు అనుకున్నం. వెనక్కి వచ్చి సంఘంలో కూసోని, రూపాయి వడ్డీకి డెబ్బై వేలు అంతర్గత అప్పు ఇచ్చినం. తీర్మానం నేనే రాసిన. మొదటి సంతకం నాది.

ఏడాది అయిపోయింది, సర్టిఫికెట్ వచ్చింది. సర్కారు స్టాఫ్ నర్సు పోస్టుల నోటిఫికేషన్ పడితే ఆ పిల్ల దరఖాస్తు చెయ్యబోయింది. అండ్ల నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ రాయమని ఉన్నది. ఆ పిల్లకు నంబర్ లేదు. సంస్థకు పోయి అడిగితే "మాది స్కిల్ కోర్సమ్మా, కౌన్సిల్ మాకు రాదు" అన్నరు. ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ఏడు వేల జీతానికి చేరింది. పేరుకు సిస్టరు. చేసేది పక్కలు సర్దుడు, పేషెంట్లను బాత్‌రూముకు తోలుకపోవుడు. ఆ పిల్ల ఏడు వేల జీతంలకెళ్లి వాళ్లమ్మ మన అప్పు కిస్తు కట్టింది. నెల నెలా మీటింగులో ఆమె కిస్తు పైసలు నా చేతిలో పెడుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. బ్యాంకు సారు అడిగిన ఒక్క మాట మేము అడగలేదు.

ఆ అక్క ఇయ్యాల ముందు వరుసలోనే కూసున్నది. "నా పేరు చెప్పకు గని సంగతి మాత్రం చెప్పు" అన్నది ఆమెనే.

అందుకని అక్కలారా, నేను చెప్పేది మొత్తం ఒక్క ప్రశ్న మీద ఉన్నది. ఫీజు ఎంత అని అడిగేకంటే ముందు, "ఈ చదువు అయినంక మా పిల్ల పేరు ఏ కౌన్సిల్ రిజిస్టరులో ఎక్కుతది?" అని అడగండి. మనకు రిజిస్టర్లు కొత్త గాదు. తీర్మానం పుస్తకంలో లేని అప్పు అప్పే కాదంటం గదా. వైద్యంలో గూడ అంతే. కౌన్సిల్ రిజిస్టరులో పేరు లేని నర్సు నర్సు గాదు.

ఇప్పుడు ఏ చదువులు ఉన్నయో చెప్తా. రాసుకునేవాళ్లు రాసుకోండి.

మొదటిది నర్సింగ్. దీంట్లో మూడు మెట్లున్నయి. ఏఎన్‌ఎం రెండేండ్లు. మన సబ్ సెంటరులో టీకాలేసే సిస్టరమ్మ చదివింది అదే. జీఎన్‌ఎం మూడేండ్లు. దీనికి బైపీసీ గాకుండ వేరే గ్రూపు పిల్లలు గూడ అర్హులే, ఇంగ్లీషుతో ఇంటర్ పాసై 40 శాతం మార్కులు ఉండాలె. బీఎస్సీ నర్సింగ్ నాలుగేండ్లు. ఇది యూనివర్సిటీ డిగ్రీ. దీనికి ఇంటర్లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలె, 45 శాతం మార్కులు కావాలె. రిజర్వేషన్ ఉన్నోళ్లకు కొంత సడలింపు ఉంటది. వయసు 17 నిండాలె. మన రాష్ట్రంలో ఈ డిగ్రీ వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉంటది. కన్వీనరు సీట్లు ఇప్పుడు ఈఏపీసెట్ ర్యాంకు మీద ఇస్తున్నరు. పరీక్ష రాయకపోతే ఆ దారి మూసుకపోయినట్టే. మా ఊరి పిల్ల రాయలేదు. రాయాలని చెప్పినోళ్లు లేకుండె.

సర్కారు స్టాఫ్ నర్సు పోస్టులకు జీఎన్‌ఎం అయినా, బీఎస్సీ నర్సింగ్ అయినా చెల్లుతది, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటే. జీఎన్‌ఎం చేసిన పిల్ల తర్వాత రెండేండ్లు పోస్ట్ బేసిక్ చదివి బీఎస్సీ చేసుకోవచ్చు. ఆ మీద ఎంఎస్సీ చేస్తే కాలేజీలో పాఠాలు చెప్పే మేడం కావచ్చు. అంటే ఒక్కసారే పై మెట్టు ఎక్కే స్తోమత లేని ఇంట్ల గూడ పిల్ల ఆగిపోవాల్సిన పని లేదు. కానీ మెట్టు నిజం మెట్టు అయి ఉండాలె.

రెండోది ఫార్మసీ. డీ ఫార్మసీ రెండేండ్లు, బీ ఫార్మసీ నాలుగేండ్లు, ఫార్మ్-డీ ఆరేండ్లు. బైపీసీ వాళ్లు, ఎంపీసీ వాళ్లు ఇద్దరూ పోవచ్చు. 1948 ఫార్మసీ చట్టం కింద రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకోవాలె. మందుల షాపు గోడకు ఒక సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంటది, చూసిన్రా? రిజిస్టరైన ఫార్మసిస్టు లేనిది ఆ షాపుకు లైసెన్సు రాదు. రాత్రి డ్యూటీ వద్దనుకునే ఇండ్లకు ఇదొక దారి.

మూడోది ల్యాబు, థియేటరు, డయాలసిస్, ఎక్స్‌రే వంటి చదువులు. డిప్లొమా అయితే పారామెడికల్ బోర్డు కింద, డిగ్రీ అయితే యూనివర్సిటీ కింద ఉంటయి. నరాలు, కీళ్ల నొప్పులకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ ఇంకో డిగ్రీ. ఇట్లాంటి చదువులకు దేశమంతటికీ ఒక కమిషన్ ఉండాలని 2021లో చట్టం తెచ్చిన్రు. కాబట్టి ముందు ముందు వీటికి గూడ రిజిస్టరు గట్టిగ అడుగుతరు. పదో తరగతి తర్వాతనే ఇంటర్ ఒకేషనల్లో ఎంఎల్‌టీ వంటివి ఉన్నయి. అవి చదివిన పిల్ల పై డిగ్రీకి పోవాలంటే బ్రిడ్జి కోర్సు గూడ రాయాలె. ఆ మాట కాలేజీలో చేరిన రోజే అడగండి.

నాలుగోది డాక్టరు చదువు. ఎంబీబీఎస్, పండ్ల డాక్టరు, ఆయుర్వేదం, హోమియో అన్నింటికీ నీట్ పరీక్షనే. ఎంబీబీఎస్ ఐదున్నరేండ్లు. పిల్ల చదివితే తప్పకుండ రాయించండి. కానీ నీట్ రాలేదని రెండేండ్లు, మూడేండ్లు ఇంట్ల కూసోబెట్టి, తర్వాత పెండ్లి చేసినోళ్లు మన ఊర్లల్లో ఉన్నరు. నీట్ రాకపోతే వైద్యం లైను బంద్ అయినట్టు కాదు. నీట్‌తో పాటు ఈఏపీసెట్ గూడ అదే ఏడు రాయించండి.

ఇంకొక మాట. పేషెంట్ కేర్ అసిస్టెంటు, జనరల్ డ్యూటీ అసిస్టెంటు అని చిన్న ట్రైనింగులు ఉన్నయి. గ్రామీణాభివృద్ధి శాఖ డీడీయూ-జీకేవై పథకంలో పైసా ఖర్చు లేకుండ గూడ నేర్పుతరు. అది మంచి పనే, గౌరవమైన పనే. తొందరగ సంపాదన కావాలనుకునే పిల్లకు పనికొస్తది. కాకపోతే అది నర్సు చదువు కాదు. ఫ్రీగ దొరికే ట్రైనింగుకు నర్సు అని పేరు పెట్టి అరవై వేలు గుంజుడు, దాన్ని మనం నమ్ముడు, అదే తప్పు. ఇంట్ల కూసోని దూరవిద్యలో నర్సింగ్ అన్నా నమ్మకండి. పేషెంటును ముట్టకుండ నర్సు ఎట్లయితది?

కాలేజీకి పోయినప్పుడు ఏం చూడాలె? ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైటులో గుర్తింపు ఉన్న కాలేజీల లిస్టు ఉంటది. వీఓఏ చెల్లె ఫోన్లో తీసి చూపిస్తది. ఆ ఏటి లిస్టులో పేరు ఉన్నదా చూడండి. పోయినేడు ఉండె అంటే సరిపోదు. ప్రాక్టికల్స్ ఏ దవాఖానలో అని అడగండి. ఆ దవాఖానకు మీరే పోయి, ఎన్ని పడకలున్నయో, వాటి మీద పేషెంట్లున్నరో లేదో చూడండి. పడకలు ఖాళీగ ఉంటే పిల్ల ఏం నేర్చుకుంటది? మూడో సంవత్సరం పిల్లలతో ఒక పది నిమిషాలు మాట్లాడండి. కట్టిన ప్రతి రూపాయికి రశీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేముందు జిరాక్సులు తీసి పెట్టుకోండి, ఇచ్చినట్టు రాయించుకోండి.

ఖర్చు సంగతి. ముందు సర్కారు కాలేజీ చూడండి. అక్కడ ఫీజు తక్కువ, నర్సింగ్ పిల్లలకు స్టైపెండు గూడ ఇస్తరు. ప్రైవేటులోనైతే కన్వీనరు సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తిస్తది, మేనేజ్‌మెంటు సీటుకు రాదు. ఏజెంటు మాట విని తొందరపడి మేనేజ్‌మెంటు సీటు తీసుకున్నోళ్లు తర్వాత ఏడుస్తున్నరు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు పరీక్షల ముందే తీసి పెట్టుకోండి. బ్యాంకు విద్యా రుణం ఏడున్నర లక్షల దాకా భూమి, బంగారం తాకట్టు లేకుండ ఇచ్చే పద్ధతి ఉన్నది. బ్యాంకు సారు గుర్తింపు కాగితం అడిగితే కోపం తెచ్చుకోకండి. మన తరఫున పరీక్ష చేస్తున్నడు అనుకోండి.

కొంతమంది అక్కలు నన్ను అడుగుతరు: "నర్సు అంటే రాత్రి డ్యూటీలు, మగ పేషెంట్లు, రేపు సంబంధాలు వస్తయా?" అని. కరోనా అప్పుడు మన ఇండ్లల్ల చుట్టాలే గుమ్మం తొక్కలేదు. ఆక్సిజన్ పెట్టింది, బట్టలు మార్చింది నర్సులే. మన కాన్పులు చేసింది నర్సులే. వాళ్లు మంచోళ్లయితే మన బిడ్డ నర్సయితే చెడ్డదెట్లయితది? కానీ పని కష్టమన్నది నిజం. గంటలు గంటలు నిలబడాలె. రక్తం, చీము చూడాలె. చావు గూడ చూడాలె. అందుకే చేర్చేముందు పిల్లను ఒక రోజు పీహెచ్‌సీకి తోలుకపోండి, సిస్టరుతో మాట్లాడించండి. మన ఆశ కోసం కాకుండ, పిల్ల మనసు చూసి చేర్చండి. రిజిస్టరు ఉన్న నర్సుకు బయటి దేశాల్లో గూడ గిరాకీ ఉన్నది. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ భాష నేర్పించి జర్మనీ వంటి దేశాలకు నర్సులను పంపుతున్నది. అక్కడ గూడ మొదలు అడిగేది ఆ నంబరే.

మా గ్రామ సంఘంలో ఒక తీర్మానం చేసుకున్నం. చదువుకు అప్పు అడిగితే, ఇద్దరు ఓబీలు కాలేజీకి పోయి చూసి రావాలె. కౌన్సిల్ పేరు, గుర్తింపు, దవాఖాన పడకలు, మొత్తం ఖర్చు, ఈ నాలుగు తీర్మానం పుస్తకంలో రాసినంకనే సంతకాలు. బర్రె కొనడానికి అప్పిస్తే పోయి పాలు పిండి చూస్తం గదా. పిల్ల బతుకుకు అంత చెయ్యలేమా? అన్ని గ్రామ సంఘాలు ఈ తీర్మానం పెట్టుకోవాలని మండల సమాఖ్యను నేను కోరుతున్న.

ఆఖరుకు ఆ పిల్ల సంగతి. వాళ్లమ్మ పాత అప్పు మొత్తం తీర్చింది. పిల్ల ఇప్పుడు గుర్తింపు ఉన్న కాలేజీలో జీఎన్‌ఎం రెండో సంవత్సరం. ఈసారి మేమిద్దరం పోయి లిస్టు చూసి, వార్డులు తిరిగి చూసినంకనే చేర్చినం. రెండేండ్లు, డెబ్బై వేలు పోయినయి, అవి తిరిగి రావు. మొన్న దసరాకు ఇంటికొచ్చినప్పుడు నా దగ్గరికొచ్చి, "చిన్నమ్మా, ఈసారి నాకు నంబరు వస్తది" అన్నది. నాకు నోట మాట రాలేదు.

మీ పిల్లలు ఎవరూ ఆ నంబరు కోసం రెండేండ్లు పోగొట్టుకోవద్దు.