చేతికి తగిన విల్లు



విల్లు అనగానే మనకు మిథిలానగరపు సభయు, ద్రుపదుని స్వయంవరమండపమును కన్నులకు గట్టును గాని, ఆ రెండు కథలలోను మొదట వచ్చిన పరీక్ష వింటిని ఎక్కుపెట్టుట యను సంగతిని మనము తరచుగా మరచుచుందుము. ద్రుపదుని సభలో రాజు లనేకులు నారి తగిలింపబోయి, ఆ వింటి విసురుకే నేలబడిరని భారతకథ చెప్పుచున్నది. దానిని అతిశయోక్తి యని కొట్టివేయుటకు వీలులేదు. బిగువైన వింటిని తన శక్తికి మించి వంచబోయినవాని గతి నేటికిని ఇంచుమించుగా అదియే.

ఈనాడు నేను ప్రసంగింపదలచినది రికర్వు విండ్లలో ఒక తెగను గూర్చి. రెక్కల కొనలు విలుకానివైపునకు గాక లక్ష్యమువైపునకు వెనుదిరిగి వంగియుండుటచే రికర్వు వింటికి ఆ పేరు వచ్చినది. 2024 సంవత్సరమున పారిస్ ఒలింపిక్సులో మన విజయవాడ యువకుడు బొమ్మదేవర ధీరజ్ పట్టినదియు రికర్వు విల్లే. కాని అది మూడు ఖండముల విల్లు. నడిమి భాగము లోహముతో చేయబడి, రెండు రెక్కలును ఆటకు ముందు తగిలింపబడి, ఆట ముగియగనే విప్పి పెట్టెలో దాచబడును. గురి చూచుటకొక సాధనము, కంపము నణచుటకు పొడవైన కడ్డీలు దానికి అమర్చియుండును. మన విలువిద్యా క్రీడాకారిణి వెన్నం జ్యోతి సురేఖ చేతిలోని కాంపౌండు విల్లు కప్పీల సాయమున పనిచేయునది, అది వేఱు జాతి. నేను చెప్పబోవు విల్లు కొననుండి కొనవరకు ఒకే శరీరముగా అతికి చెక్కబడిన ఏకఖండ ధనుస్సు. దానికి మరలు లేవు, కడ్డీలు లేవు, గురిసాధనము లేదు. కన్నును, చేయియు, అభ్యాసమునే దానికి ఉపకరణములు.

ఈ విధమైన వింటికి గత శతాబ్దమున పుట్టినిల్లు అమెరికా దేశపు మిషిగన్ రాష్ట్రమని చెప్పవచ్చును. 1902లో పెన్సిల్వేనియాలో జన్మించిన ఫ్రెడ్ బేర్ అను నతడు డెట్రాయిట్ నగరమున 1933లో విండ్ల వ్యాపారమునకు పూనుకొని, 1947లో గ్రేలింగ్ అను చిన్న పట్టణమునకు కర్మాగారమును తరలించి, కొయ్యపొరలను గాజునార పొరలతో అతికి చేసిన విండ్లను వేలకొలదిగా ప్రజల చేతికి అందించెను. ఆ కర్మాగారమునుండి వెలువడిన గ్రిజ్లీ 58 అంగుళములది, కొడియాక్ 60 అంగుళములది. 1961లో వచ్చిన కొడియాక్ మాగ్నమ్ పొదలలో దూరి తిరుగు వేటగాని సౌకర్యమునకై 52 అంగుళములకు కుదింపబడినది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించుటచే మన గురి గడ్డిమోపుమీదనే యుండవలెను గనుక, ఆ పొట్టి వింటిని చూచి మనము మురియవలసిన పనిలేదు.

ఏకఖండమగుటలో ఒక సుఖమును ఒక చిక్కును గలవు. అతుకులు వదులగుటగాని, మరలు కిఱ్ఱుమనుటగాని లేక అది తేలికగా, నిశ్శబ్దముగా నుండుట సుఖము. ఇక చిక్కేమనగా, మూడు ఖండముల వింటికి రెక్కలు బరువైనచో తేలికపాటివి తెచ్చి మార్చుకొనవచ్చును గాని, దీనికి ఆ వెసులుబాటు లేదు. తప్పుగా ఎన్నుకొన్నచో ఆ తప్పుతోనే కాపురము చేయవలెను. నేను అట్టి కాపురము ఏడాది చేసితిని. నా మొదటి విల్లు 55 పౌనులది, అనగా నిండుగా లాగుటకు అంత బలము కావలసినది. "మగవారికి ఇంతకు తక్కువ ఏమి బాగుంటుందండీ?" అని అంగడివాడు అనినంతనే, అడుగవలసిన ప్రశ్న ఒక్కటియు అడుగక కొనివేసితిని. రెండు నెలలు గడవకముందే, తలదువ్వుకొనుటకు కుడిచేయి ఎత్తలేని స్థితి వచ్చినది.

అటుపిమ్మట నేను తెలిసికొన్న సంగతి, విల్లు పట్టని శ్రోతలకును పనికివచ్చునది గనుక, కొంచెము విపులముగా చెప్పెదను. తొడయెముక తల తుంటిలోని లోతైన గుంటలో కుదురుకొనియుండును. దండచేతి యెముక తల యట్లుగాక, చిన్న పళ్లెరముమీద పెట్టిన పెద్ద బంతివలె లోతులేని గుంటకు ఆనియుండును. దానిని చోటు తప్పకుండ పట్టియుంచునవి చుట్టునున్న నాలుగు చిన్న కండరములు. చేతిని నలుదిక్కులకు త్రిప్పగల స్వేచ్ఛ మనకు ఆ లోతులేమివలననే కలిగినది. మూపునొప్పులును చాలవరకు దానివలననే కలుగుచున్నవి. శక్తికి మించిన వింటిని లాగువాడు తనకు తెలియకయే భుజమును చెవివైపునకు ఎత్తును, నడుమును వెనుకకు విరుచును, చివరి అంగుళములను కుదుపుతో లాగును. అట్టి సమయమున ఆ నాలుగింటిలో పైనున్న కండరపు స్నాయువు క్రింది యెముకకును, కప్పువలె పైనున్న యెముకకును నడుమ నలుగును. ఒకమారు నలిగినందున వచ్చిన ప్రమాదము లేదు గాని, దినమునకు వందసారులు, నెలలతరబడి నలిగినచో వాపును నొప్పియు రాక తప్పదు. తగిన వింటిని లాగునపుడో, పని చేయునవి వీపుమీది పెద్ద కండరములు. అవి రెండు రెక్కయెముకలను వెన్నుకు దగ్గరగా తెచ్చును, త్వరగా అలసిపోవు.

కావున క్రొత్తగా నేర్చుకొను పురుషునకు 25 మొదలు 30 పౌనులు, స్త్రీకి 20 మొదలు 25 పౌనులు చాలునని అనుభవజ్ఞులు చెప్పుదురు. పెరుగు వయస్సు పిల్లలకు ఇంకను తక్కువ కావలెను. వారి యెముకల చివరలయందలి మృదులాస్థి ఇంకను గట్టిపడియుండదు. నాకు తోచిన పరీక్ష యొకటి గలదు. వింటిని నిదానముగా నిండుగా లాగి, చేతిని చెక్కిలికి ఆనించి, మనస్సులో పది లెక్కించి, అంత నిదానముగానే తిరిగి దింపవలెను. ఇట్లు మూడుమారులు చేసి నాలుగవమారు చేయి వణకెనా, ఆ విల్లు ఎంత అందమైనదైనను మీది కాదు.

వింటి రెక్కమీద వ్రాసియుండు పౌనులు మీ చేతికి వచ్చు పౌనులు కావనుటయు గమనింపవలెను. ఆ అంకె 28 అంగుళముల లాగుడుకు కొలిచినది. మీ లాగుడు ఎంతయో తెలియుటకు సులభమైన ఉపాయము బారను కొలుచుట. రెండు చేతులు చాచి, ఒక నడిమివ్రేలి కొననుండి రెండవ నడిమివ్రేలి కొనవరకు అంగుళములలో కొలిచి, దానిని 2.5 చేత భాగించినచో ఇంచుమించుగా లాగుడు తేలును. 5 అడుగుల 6 అంగుళముల బార గలవానికి 26 అంగుళములపై కొంచెము వచ్చును. చివరి అంగుళములలో ఒక్కొక్కదానికి 2 మొదలు 3 పౌనుల బరువు ఎక్కును గనుక, 40 పౌనులని వ్రాసియున్న విల్లు వానిచేతిలో ఇంచుమించు 36 పౌనులే తూగును. పొడగరులైన అమెరికా వేటగాండ్రను దృష్టిలో నుంచుకొని వ్రాసిన పుస్తకములను చదివి విల్లు కొనువారు ఈ లెక్కను తప్పక వేసికొనవలెను.

వెనుదిరిగిన కొనలవలన లాభమేమని మీరడుగవచ్చును. ఎక్కుపెట్టినపుడు రికర్వు వింటి నారి కొనకు తగులుకొని యుండుటయే గాక, ఆ వంపుమీద కొంతదూరము పరుండియుండును. లాగినకొలది అది వంపునుండి మెల్లగా లేచుచు, రెక్కయను మీటను పొడిగించును. ఏతమునకు పొడవైన వాసము కట్టినచో నీటిబరువు తేలిక యగునట్లే, ఇచ్చటను చివరి అంగుళములలో బరువు విపరీతముగా పెరుగక, మొదటి అంగుళములలోనే నిండుగా ఎక్కును. నిలువయగు శక్తి యనగా బలమును అది నడచిన దూరముతో గుణించిన ఫలమే గదా. మొదటినుండియు నిండుగానున్న బలము ఎక్కువ శక్తిని దాచును. ఇట్టి వింటినుండి తగిన బరువుగల బాణము సెకనుకు 170, 180 అడుగుల వేగమున వెడలును.

అయితే విల్లు మరీ పొట్టిదైనచో ఈ మేలు దక్కదు. వంపు పూర్తిగా విచ్చుకొన్న పిమ్మటను ఇంకను లాగవలసివచ్చినచో బరువు హఠాత్తుగా ఎక్కి గోడకు తగిలినట్లగును. నారి మొనదేలిన కోణముగా మారి వ్రేళ్లను నొక్కును. 26, 27 అంగుళముల లాగుడు గలవారికి 58 లేక 60 అంగుళముల విల్లును, అంతకు మించినవారికి 62 లేక 64 అంగుళములదియు హాయిగా నుండును. సందేహము కలిగినచో పొడవైనదే మేలు.

పూర్వము మన ఆసియా ఖండమున ఇట్టి విండ్లను కొయ్యకు లోపలివైపు కొమ్మును, వెలుపలివైపు జంతువుల నరములను జిగురుతో అతికి చేయుచుండిరి. కొమ్ము నొక్కుడును, నరము సాగుడును బాగుగా ఓర్చును. విష్ణుదేవుని శార్ఙ్గమునకు ఆ పేరు శృంగమనగా కొమ్మును బట్టియే వచ్చినది. వానకాలపు తేమకు ఆ జిగురు మెత్తబడుట అట్టి విండ్లకు పెద్ద శత్రువు. మన ఏజెన్సీ కొండలలో వెదురువిల్లు నిలిచియుండుటకు కారణము అన్వేషించువారు ఈ తేమను గూడ లెక్కలోనికి తీసికొనవలెనని నా యభిప్రాయము. నేటి ఏకఖండ ధనుస్సులో కొమ్ముపనియు నరముపనియు కూడ గాజునార పొరలే చేయును. నడుమ మేపుల్ వంటి కొయ్య పలుచని పొరలుగా నుండును. గాజునారకు తేమ భయము లేదు గాని, అతుకుబంకకు వేడి భయము గలదు. మే నెలలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో వింటిని విడిచి పోవుట దానిని చంపుకొనుటయే.

వింటి నడుమ పిడికి అమరకోశమున లస్తకమను చక్కని పేరున్నది. దానిని పుస్తకమువలన ఎన్నుకొనుటకు వీలులేదు. కన్నులు మూసికొని పట్టినపుడు ప్రతిమారు అరచేయి ఒకే చోట కుదురుకొనినచో అది మీకు తగినది. కుడిచేతి విల్లా, ఎడమచేతి విల్లా అనునది చేతికంటె కన్నును బట్టి నిర్ణయించుట మేలు. రెండు చేతులు చాచి, వ్రేళ్లనడుమ చిన్న సందు వదలి, రెండు కన్నులతోను గోడమీది గడియారమును అందులోనుండి చూడుడు. తరువాత ఒక్కొక్క కన్నును మూయుడు. ఏ కన్ను తెఱచియున్నపుడు గడియారము చోటు కదలదో అదియే మీ ప్రధాననేత్రము. అది కుడికన్ను అయినచో నారిని కుడిచేత లాగు వింటిని తీసికొనవలెను.

పాత వింటిని కొనువారు దానిని ఎక్కుపెట్టించి, కొనవైపునుండి నిడుపుగా కన్ను వేసి చూడవలెను. నారి రెండు కొనలయందును రెక్క నడుమగా పోవుచుండవలెను. ప్రక్కకు తొలగియున్నచో రెక్క మెలిపడినదని అర్థము. అడ్డముగా పోవు బీట, పొర విడిన గీత, వీనిలో ఏది కనబడినను బేరమాడక లేచి రండు. గోడమూలకు ఆనించి నిలబెట్టుటవలనను, కాలు దూర్చి ఎక్కుపెట్టుటవలనను రెక్కలు మెలిపడును. రెండు కొనలకు తగిలించి కాలితో త్రొక్కిపట్టు ఎక్కుత్రాడును కొన్ననాడే కొనుడు, దాని ఖరీదు స్వల్పము. స్వయంవరసభలోని రాజులకు అట్టి త్రాడు లేకపోయెను.

నా యింట ఇప్పుడు మూడు విండ్లు గలవు. ఆ 55 పౌనులదియు అమ్ముటకు మనసొప్పక గోడమీదనే యున్నది. చూచినవారందఱును ముందుగా దానినే మెచ్చుకొందురు. నేను ప్రతి ప్రాతఃకాలము చేతికి తీసికొనునది మాత్రము 60 అంగుళముల పొడవు గలిగి, నా లాగుడుకు 35 పౌనులు మాత్రమే తూగు సాదా విల్లు. నలుబది బాణములు వేసిన పిమ్మటను నాకు దానిని దింపబుద్ధి పుట్టదు. ప్రియమైన విల్లనుటకు నేనెఱిగిన గుర్తు అదొక్కటే.

కడపట ఒక్కమాట. బాణము తొడుగక నారిని లాగి విడుచుట ఎన్నటికిని తగదు. బాణము కొనిపోవలసిన శక్తి యంతయు అపుడు రెక్కలమీదికే మరలివచ్చి, వింటిని ముక్కలు చేయవచ్చును, ప్రక్కవాని కంటికి హాని చేయవచ్చును. మరీ తేలికైన బాణముతోను ఇంచుమించు అదే నష్టము గనుక, పౌనుకు 8 మొదలు 10 గ్రెయినుల చొప్పున, ఉదాహరణకు 40 పౌనుల వింటికి 10 చొప్పున 400 గ్రెయినుల, అనగా 26 గ్రాముల బాణమును వాడుడు. క్రొత్త విల్లు ఇంటికి వచ్చిన దినమున మొదట దానిని లాగి చూచువారు పిల్లలే. వారికి ఈ మాట చెప్పి, ఆ పిమ్మట విల్లు చేతికిండు.