తెరచాపనావలో తొలినాఁడు

సంగారెడ్డి ప్రాంతమువారమగు మనకు మంజీరానదియు, సింగూరు జలాశయమును పెద్దనీరు. సముద్రయానము మన పెద్దలకు వినికిడియే. అట్లయ్యును తెలుఁగు ఆడుబిడ్డ లిరువురు భూగోళమును నావలోఁ జుట్టివచ్చిరి. హైదరాబాదు బిడ్డ బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్టణపు బిడ్డ పాతర్లపల్లి స్వాతి.

2017 సెప్టెంబరు 10వ తేదీని నౌకాదళమువారి ‘తారిణి’ గోవానుండి బయలుదేరెను. పొడవు 55 అడుగులు. లోన నాఱుగురు, అందఱును స్త్రీలే. నాయకురాలు వర్తికా జోషి. తొలి మజిలీ యగు ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవు చేరునప్పటికి అక్టోబరు 23 వచ్చెను.

ఇట్టి యాత్రలకుఁ దొలిదినమే గడ్డుదని నా తలంపు. దక్షిణసముద్రపు తుపానులు ఘోరములే. కాని యప్పటికి దేహము వాడుకపడియుండును. తొలినాఁడు అట్లు గాదు. నావ యొకప్రక్కకు వాలును. లోనికిఁ బోయిన, గది కదలుట లేదని కన్ను చెప్పును. కదలుచున్నదని చెవిలోని తూకపుటింద్రియము చెప్పును. ఈ తగవే వాంతులకు మూలము. పైకి వచ్చి దిగంతమును జూచిన కొంత శమించును. రెండుమూఁడు దినములలో సర్దుకొనును. ఐనను రేవు వెనుక దగ్గఱనే యున్నది గదా, మరలుదమా యను తలంపు పుట్టునది ఆనాఁడే!

రాత్రియు విశ్రాంతి లేదు. తీరము చేరువలో జాలరుల పడవలు, వలలు, వర్తకపుటోడలు నుండును. వంతులవారీగా మేలుకొనవలయును. మంచెపై చేను గాచినవారికిని, పటాన్‌చెరు కర్మాగారములలో రాత్రివంతు చేయువారికిని ఆ జాగరణ మెట్టిదో వేఱ చెప్పనక్కఱలేదు.

ఆ యాఱుగురును 2018 మే 21వ తేదీని గోవాకే తిరిగి వచ్చిరి.