ధర ఎవరికి తెలుసు? తొలినాళ్ల బిట్‌కాయిన్, బస్తర్ సంత



జగదల్‌పుర్‌లో మా మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసానికి నేను బిట్‌కాయిన్‌ను ఎంచుకున్నానని తెలిసి కొందరు ముఖం చిట్లించారట. జీవితమంతా బస్తర్ సంతల వెంట తిరిగిన మనిషికి కంప్యూటర్ నాణేలతో ఏం పని అని వాళ్ల ప్రశ్న. మమ్మల్ని సంతకు తీసుకువెళ్లినప్పుడు ఆయన ఒక్కటే మాట పదేపదే చెప్పేవారు. మారకం జరిగే చోట సరుకు వైపు చూడకండిరా, ధర ఎవరికి తెలుసో చూడండి అని. నేను ఆ మాట పట్టుకునే బిట్‌కాయిన్ 2009, 2010 సంవత్సరాలను చదివాను. కనుక ఇది ఆయన విషయమే.

డేవిడ్ చౌమ్ పెట్టిన డిజిటల్ డబ్బు కంపెనీ డిజిక్యాష్ 1998లో దివాలా తీయడం, ఆడమ్ బ్యాక్ రూపొందించిన హ్యాష్‌క్యాష్ లెక్క, గుప్తలేఖనంతో గోప్యతను కాపాడాలన్న సైఫర్‌పంకుల వాదాలు, 2008 అక్టోబరు 31న బిట్‌కాయిన్‌ను ప్రతిపాదిస్తూ సతోషి నకమోటో అనే పేరుతో వెలువడిన తొమ్మిది పేజీల పత్రం, ఇవన్నీ మీకు తెలిసినవే. ఆ సతోషి ఎవరన్న ప్రశ్న మీద నాకు ఆసక్తి లేదు. దాని మీద వచ్చిన పుస్తకాలు ఇప్పటికే బీరువాలు నింపుతున్నాయి.

నేరుగా 2009కి వద్దాం. బిట్‌కాయిన్ బదిలీల చిట్టాలో మొదటి పుట, అంటే మొదటి బ్లాకు తేదీ జనవరి 3. దాని తర్వాతి బ్లాకు తేదీ జనవరి 9. మధ్య ఆరు రోజులు ఖాళీ. ఈ ఖాళీలో బైబిలు సృష్టికథను చూసినవాళ్లు కూడా ఉన్నారు. బిట్‌కాయిన్ ప్రోగ్రాము లోకం చేతికి అందిందే జనవరి రెండో వారంలో. అంతకు మించి అందులో నాకేమీ కనబడలేదు.

ఆ ప్రోగ్రాము చేసే పని ఏమిటంటే, బ్లాకు తలకట్టులో ఒక అంకె మారుస్తూ షా-256 అనే లెక్కను రెండుసార్లు వేయడం. ఫలితం ఒక నిర్ణీత హద్దు కంటే చిన్నదిగా వస్తే అప్పట్లో 50 నాణేలు దక్కేవి. రాకపోతే అంకె మార్చి మళ్లీ వేయడం. తెలివితో పని లేదు, ఓపికతోనే పని. 2014లో కెన్ షిరిఫ్ అనే ఇంజనీరు ఈ లెక్కను కాగితం మీద పెన్సిలుతో వేసి చూశాడు. ఒక్క ఆవృత్తికి 16 నిమిషాల 45 సెకన్లు పట్టింది. అలాంటి ఆవృత్తులు 128 పూర్తయితే గాని ఒక్క ప్రయత్నం కాదు. అంటే తిండీ నిద్రా లేకుండా కూర్చున్నా ఒక్క ప్రయత్నానికి ఒకటిన్నర రోజు. అతి సులువైన స్థాయిలో కూడా ఒక బ్లాకు దొరకాలంటే సగటున 430 కోట్ల ప్రయత్నాలు కావాలి. అందుకే కంప్యూటర్.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నేను ఎక్కువ కాలం గడిపింది ఇక్కడే. బిట్‌కాయిన్ చిట్టా బహిరంగం. ఎవరైనా తెరిచి చదవవచ్చు, ప్రతి బ్లాకు మీదా కాలముద్ర ఉంటుంది. నియమం ప్రకారం పది నిమిషాలకు ఒక బ్లాకు రావాలి. ప్రతి 2,016 బ్లాకులకు ఒకసారి ప్రోగ్రాము ఆ వేగం చూసుకుని, ఎక్కువైతే లెక్కను కఠినం చేస్తుంది, తక్కువైతే సులువు చేస్తుంది. ఆ కఠినత్వానికి అట్టడుగు స్థాయి 1. అంతకంటే దిగదు. 2009 ఏడాది దాదాపు అంతా ఆ స్థాయి 1 దగ్గరే ఉండిపోయింది. తొలిసారి కదిలింది డిసెంబరు 30న, 32,256వ బ్లాకు దగ్గర, 1.18కి. పది నిమిషాల లెక్కన అప్పటికి 51,000 బ్లాకులు రావాలి. అందులో నాలుగింట మూడు వంతులు కూడా రాలేదు, ఐదింట మూడు వంతులే వచ్చాయి. సగటున ఒక్కో బ్లాకుకు దాదాపు 16 నిమిషాలు పట్టింది.

దీని అర్థం చూడండి. ఇంతకంటే సులువు చేయలేని స్థాయిలో కూడా లోకంలోని యంత్రాలన్నీ కలిసి సమయానికి పని పూర్తిచేయలేకపోయాయి. మొత్తం నెట్‌వర్క్ సామర్థ్యం సెకనుకు సగటున 45 లక్షల ప్రయత్నాలు. ఆ ఏడాది చివర్లోనే వీడియో ఆటల కుర్రాళ్లు కొనుక్కున్న రేడియన్ 5870 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకు 40 కోట్ల దాకా చేయగలిగేది. మరి 2009లో ఎందుకలా? కంప్యూటర్లు లేక కాదు. చాలామంది ప్రోగ్రామును నడిపి చూసి, ఆపేశారు. చిల్లిగవ్వ చేయని నాణేల కోసం రాత్రంతా మిషను ఎవరు వదిలేస్తారు?

హాల్ ఫిన్నీ ఆపేసిన కారణం మనకు ఆయన మాటల్లోనే దొరుకుతుంది. పీజీపీ గుప్తలేఖన ప్రోగ్రాము తొలి రూపకర్తల్లో ఒకరు, 2004లోనే ఇలాంటి డిజిటల్ టోకెన్లను తయారుచేసి చూసిన మనిషి. జనవరి 12న 170వ బ్లాకులో సతోషి ఆయనకు 10 నాణేలు పంపాడు. అదే తొలి బదిలీ. కొన్ని రోజులు తన యంత్రం మీద నాణేలు తీసి, కంప్యూటర్ వేడెక్కుతోందనీ, ఫ్యాను చప్పుడు విసిగిస్తోందనీ కట్టేశారు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయనకు ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు ఉన్నట్టు తేలింది. 2014లో పోయారు. డబ్బు చరిత్రకారులెవరూ ఫ్యాను చప్పుడును కారణాల్లో చేర్చరు. నేను చేరుస్తాను.

ఇంతకీ ధర ఎక్కడ పుట్టింది? 2009 అక్టోబరు 5న న్యూ లిబర్టీ స్టాండర్డ్ అనే మారుపేరుతో ఒకాయన తొలి రేటు ప్రకటించాడు. డాలరుకు 1,309.03 బిట్‌కాయిన్లు. అమ్మకం చూసి వేసిన రేటు కాదు. కంప్యూటర్‌ను ఏడాదంతా గట్టిగా నడిపితే 1,331.5 యూనిట్ల కరెంటు, అమెరికాలో ఇళ్లకు యూనిట్ 11.36 సెంట్లు, దాన్ని 12తో భాగించి, తన యంత్రం గడచిన 30 రోజుల్లో తీసిన నాణేలతో మళ్లీ భాగించాడు. ఆ సూత్రాన్ని తిరగేసి చూశాను. ఒక్క ఇంటి కంప్యూటర్ నెలలో 16,500 నాణేల దాకా తీసినట్టు తేలుతుంది. కరెంటు బిల్లు తప్ప దాని వెనక మరే విలువా లేదు. వారం తిరిగాక ఫిన్లాండ్ విద్యార్థి మార్టి మాల్మి, సతోషికి ప్రోగ్రాములో సాయం చేస్తున్న కుర్రాడు, ఈయనకే 5,050 నాణేలు అమ్మి 5.02 డాలర్లు పుచ్చుకున్నాడు. వారంలోనే రేటు కదిలిందని ఆ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఇక్కడే అర్థశాస్త్ర మిత్రులతో నా తగవు. విషయం పక్కకు వెళుతోందని తెలుసు. కానీ ఈ తగవు జగదల్‌పుర్‌లో కాకపోతే మరెక్కడ పెట్టుకోను?

కార్ల్ మెంగర్ అనే అర్థశాస్త్రవేత్త డబ్బు పుట్టుక మీద 1892లో రాసిన వ్యాసాన్ని వీళ్లు వేదంలా చదువుతారు. మొదట వస్తుమారకం, అందులో ఎక్కువ చెల్లుబాటయ్యే సరుకు క్రమంగా డబ్బవుతుంది అన్నది సిద్ధాంతం. బిట్‌కాయిన్‌కూ అదే అచ్చు వేస్తారు. ఆటవస్తువు, తర్వాత మారకం, తర్వాత ధర. సాక్ష్యం అడిగితే ఎక్కడికి వస్తారో తెలుసా? మీ బస్తర్‌కే. ఉప్పుకు సారపప్పు, గిన్నెకు గిన్నె. చూశారా, డబ్బు పుట్టకముందు లోకం ఇలా ఉండేదని చూపిస్తారు. ఆదివాసీని మ్యూజియంలో నిలబెట్టే పద్ధతి ఇది.

మాస్టారు ఈ మాట వింటే కుర్చీలోంచి లేచేవారు. ఉప్పు బస్తా తెచ్చిన వ్యాపారి ఆ ఉప్పును రూపాయలిచ్చి కొన్నాడు. సారపప్పుకు రాయపుర్ మండీలో రేటెంతో తెలుసుకునే బండి కట్టించాడు. సాయంత్రం చిట్టాలో రూపాయల్లోనే రాసుకున్నాడు. డబ్బు లేని చోటు అది కాదు, ఒక వైపున మాత్రమే డబ్బున్న చోటు. అడవి నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆడమనిషికి మాత్రం కొలత గిన్నె చూపించారు. వస్తుమారకం డబ్బుకు ముందటి మెట్టు కాదు, డబ్బు లెక్కను దాచిపెట్టే ఉపాయం. గవ్వల సంగతే చూడండి. ఇక్కడి మాడియా నాట్యపు కొమ్ముల తలపాగాల ముందు వేలాడే గవ్వలు అడవిలో దొరికేవి కావు, సముద్రానివి. నాణేలుగా తిరిగిన గవ్వలైతే మాల్దీవుల నుంచి ఓడల్లో బెంగాల్‌కూ ఒడిశాకూ వచ్చి లోపలికి నడిచాయి. ఆడం స్మిత్ 1776లోనే భారత తీరంలో గవ్వల చెల్లుబాటును ప్రస్తావించాడు. సిల్హెట్‌లో ఈస్టిండియా కుంఫిణీ కలెక్టరు పన్నంతా గవ్వల్లో వసూలు చేశాడు. ఇంత సుదీర్ఘమైన నాణేల వ్యాపారం పక్కనే నడుస్తుంటే బస్తర్ డబ్బెరుగని నేల ఎలా అవుతుంది?

కేంబ్రిడ్జ్ మానవశాస్త్రవేత్త కెరొలైన్ హంఫ్రీ 1985లోనే తేల్చి చెప్పింది, శుద్ధమైన వస్తుమారకంతో నడిచిన ఆర్థిక వ్యవస్థ ఎక్కడా నమోదు కాలేదని. మరో మానవశాస్త్రవేత్త డేవిడ్ గ్రేబర్ 2011లో అదే మాటను లావుపాటి పుస్తకం చేశాడు. అయినా మన పాఠ్యపుస్తకాలు మారలేదు.

అర్థశాస్త్రంలో రెండో పక్షం వాళ్లు క్నాప్ అనే అర్థశాస్త్రవేత్త 1905 నాటి పుస్తకం పట్టుకుంటారు. రాజ్యం పన్నుగా తీసుకున్నదే డబ్బు, తక్కినదంతా భ్రమ అని. ఒడిశాలో కుంఫిణీ పన్నులకు గవ్వలు వద్దు, వెండి కావాలంది, గవ్వ విలువ కూలింది, 1817 పైకా తిరుగుబాటుకు అదొక కారణమైంది. ఇది వాళ్ల తురుఫు ముక్క. ఒప్పుకుంటాను, బలమైన ముక్కే. కానీ కుంఫిణీ కాదన్నాక కూడా చిల్లర బేరాల్లో గవ్వ దశాబ్దాల పాటు తిరిగింది, దానికి జవాబు చెప్పరు. అలాగే 2009లో ఏ ప్రభుత్వమూ పన్నుగా అడగని నాణేనికి ఒక మనిషి కరెంటు బిల్లు చూసి ధర కట్టాడు, ఇంకొకడు ఆ ధరకు అటూఇటూగా అమ్మాడు. ఇరు పక్షాలూ ఈ ఇద్దరినీ తమ సిద్ధాంతంలో ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక పాదసూచికలోకి తోసేస్తారు. మార్కెట్టూ లేదు, రాజ్యమూ లేదు, సరదా ఉంది. ఇద్దరికీ లెక్క తెలుసు. నాకు ముఖ్యమైనది ఆ చివరి మాట.

సరే, పిజ్జా దగ్గరికి వస్తాను. 2010 మే 18న ఫ్లోరిడాలో లాస్లో హానియెచ్ అనే ప్రోగ్రామరు, తనకు రెండు పెద్ద పిజ్జాలు తెప్పించినవాళ్లకు 10,000 బిట్‌కాయిన్లు ఇస్తానన్నాడు. నాలుగు రోజులు ఎవరూ ముందుకు రాలేదు. 22న జెరెమీ స్టర్డివంట్ అనే 19 ఏళ్ల కుర్రాడు పాపా జాన్స్ నుంచి తెప్పించాడు. ఏటా మే 22న ఆ నాణేలు ఇవాళ ఎన్ని కోట్లో లెక్కగట్టి నవ్వుకోవడం ఒక ఆచారమైపోయింది. నాకు ఆ నవ్వు నచ్చదు. ఆనాటి రేటు ప్రకారం 10,000 నాణేలు 41 డాలర్ల చుట్టుపక్కల. అది లాస్లోకు తెలుసు, కుర్రాడికి తెలుసు. ఎవరూ ఎవరినీ ముంచలేదు. ఉప్పుకు సారపప్పు ఇచ్చిన మనిషినీ లాస్లోనూ ఒకే వాక్యంలో పెట్టి జాలిపడే వ్యాసాలు చదివాను. మాస్టారి ప్రశ్న వేసి ఉంటే ఆ వ్యాసాలు రాసేవారు కాదు.

అదే లాస్లో గ్రాఫిక్స్ కార్డుతో నాణేలు తీయడం మొదలుపెట్టాడు. సాధారణ కంప్యూటర్ ఉన్నవాడికి ఆకర్షణ పోతుందని ఇబ్బంది పడుతూ సతోషి ఆయనకు రాశాడు. జూన్‌లో గావిన్ ఆండ్రెసెన్ అనే ప్రోగ్రామరు అడిగినవాడికల్లా 5 నాణేలు ఊరికే పంచాడు. ఆగస్టు 15న ఒక లోపం పట్టుకుని ఎవరో 18,400 కోట్ల నాణేలను గాలిలోంచి సృష్టిస్తే, స్వచ్ఛందంగా పనిచేసే నలుగురైదుగురు కొన్ని గంటల్లో సరిదిద్దారు. బిట్‌కాయిన్ అభిరుచి కోసమే నడిచిన కాలం అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

అధ్యక్షులవారు చీటీ పంపారు. వేగంగా ముగిస్తాను. 2010 జులైలో జెడ్ మెకాలెబ్ పెట్టిన మౌంట్ గాక్స్ అనే నాణేల మార్పిడి కేంద్రం, ఆ ఏడాది చివర నాణేలు తీసేవాళ్లు జట్టుకట్టే మైనింగ్ పూల్, 2011 ఫిబ్రవరిలో నాణెం డాలరుతో సమానం, అక్టోబరులో బిట్‌కాయిన్‌ను పోలిన లైట్‌కాయిన్, 2013 మొదట్లో ఈ లెక్క తప్ప మరేమీ చేయలేని ఆసిక్ చిప్పులు. దాంతో ఇంటి కంప్యూటర్ పని అయిపోయింది. 2014 ఫిబ్రవరిలో మౌంట్ గాక్స్ మునిగింది.

మన దేశంలో 2013 డిసెంబరు 24న రిజర్వు బ్యాంకు హెచ్చరిక, రెండు రోజులకే అహ్మదాబాద్‌లో బిట్‌కాయిన్ వ్యాపారం మీద ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) సోదా. ఆపైన నోట్ల రద్దు. ఆ సందడిలో చిన్న పట్టణాల్లోకి వచ్చింది మైనింగ్ కాదు, గొలుసు పథకాలు. గెయిన్‌బిట్‌కాయిన్ అనే అలాంటి పథకం నడిపిన అమిత్ భరద్వాజ్ 2018లో అరెస్టయ్యాడు. చేరినవాళ్లలో ఎక్కువమంది బిట్‌కాయిన్ రేటు ఎక్కడ చూడాలో కూడా తెలియనివాళ్లు. ఉప్పు వ్యాపారి మళ్లీ వచ్చాడన్నమాట, బస్తా లేకుండా. 2018 ఏప్రిల్ 6న బ్యాంకులు ఈ నాణేల వ్యాపారాన్ని తాకకూడదన్న రిజర్వు బ్యాంకు సర్క్యులర్, 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేయడం, 2022లో ఇలాంటి నాణేల లాభాల మీద 30 శాతం పన్ను. ఇవి పత్రికల్లో చదివే ఉంటారు.

ఇక మీ ఇంటి పక్క సంగతి ఒక్కటి. 2022లో గడ్చిరోలి ఎటపల్లిలో 65,000 కులధ్రువీకరణ పత్రాలను బిట్‌కాయిన్ చిట్టా లాంటిదే అయిన పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్ మీదికి ఎక్కించారు. తర్వాత దంతెవాడ యంత్రాంగం భూమి రికార్డులను అవలాంచ్ అనే మరో బ్లాక్‌చెయిన్ మీదికి ఎక్కించింది. ఎక్కిన పత్రాన్ని తర్వాత ఎవరూ దిద్దలేరన్నది నిజమే. ఎక్కించే రోజున ఏముందో అదే నిలుస్తుందన్నదీ నిజమే. తప్పుడు సర్వే నంబరు కూడా అంతే భద్రంగా ఉంటుంది. ఎక్కించేటప్పుడు ఆ పొలం మనిషి పక్కన కూర్చున్నాడా, తెర మీద ఏముందో గోండీలోనో హల్బీలోనో చదివి వినిపించారా అని దంతెవాడ మిత్రులను అడగాలని ఉంది. వాళ్లు రెండో వరుసలో ఉన్నారు, చేతులెత్తారు కూడా. నాకు మిగిలిన నిమిషాలు వాళ్లకే ఇస్తున్నాను.